అనుభవం చెప్పని ప్రమాదం

పొయ్యి మీద చెయ్యి కాలినవాళ్లు మళ్లీ అటు వెళ్లాలంటే జంకుతారు. తడిచేత్తో స్విచ్చు వేసి షాకు తిన్నవాళ్లకు ఇంకొకరు జాగ్రత్త చెప్పాల్సిన పనిలేదు. తప్పుకూ దాని ఫలితానికీ మధ్య క్షణాలో, రోజులో ఉన్నంతవరకు అనుభవాన్ని మించిన గురువు లేదు. ఆ దూరం ముప్పై, నలభై ఏళ్లకు సాగినప్పుడు మాత్రం అదే అనుభవం తప్పుదారి పట్టిస్తుంది. సిమెంటు రేకుల్లో ఉండే ఆస్బెస్టాస్ విషయంలో జరిగేది ఇదే. రేకుల కప్పు ఎక్కే పనివాళ్లను గమనించండి. రేకు నడిమధ్యన అడుగు వెయ్యరు. బోల్టుల వరస చూసుకుని, కింద ఇనుప పైపు ఉన్నచోటే కాలు మోపుతారు, లేదంటే చెక్క పలక పరుచుకుంటారు. రేకు విరిగి కిందపడి నడుము పోగొట్టుకున్నవాళ్లు, ప్రాణమే పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారని వాళ్లకు తెలుసు. అదే మనిషి కాసేపటికి గ్రైండరు అందుకుని, మూతికి ఏ రక్షణా లేకుండా, మేఘంలా లేచే బూడిదరంగు దుమ్ములో నిలబడి రేకు కోస్తాడు. ఆ సాయంత్రం అతనికి ఏమీ కాదు. ఆ ఏడాది కాదు, ఆ పదేళ్లలోనూ బహుశా కాదు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కాబట్టి ఇక ఏమీ కాదని నమ్ముతాడు. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడికీ అదే నేర్పుతాడు. ఈ అధ్యాయంలో నేను వాదించేది ఒక్కటే. ఆస్బెస్టాస్ దగ్గర మన అనుభవాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. దాని బదులు, దుమ్ము ఎప్పుడు లేస్తుందో ముందే లెక్కవేసుకుని ఆ క్షణానికి తగ్గ పద్ధతి పెట్టుకోవాలి.

ఆస్బెస్టాస్ భూమిలో దొరికే ఖనిజం. రాయే అయినా నారలా చీలుతుంది. మామూలు రాతిని నలిపితే పలుకుల్లాంటి రేణువులవుతాయి. దీన్ని నలిపితే నిలువునా చీలి, మళ్లీ చీలి, కంటికి కనిపించనంత సన్నటి పోగులవుతాయి. పరీక్షశాలల్లో లెక్కపెట్టే పోగులు 5 మైక్రాన్ల కంటే పొడవుగా, 3 మైక్రాన్ల కంటే సన్నగా ఉంటాయి. ఇంత తేలికైనవి గనుక గాలిలో గంటల తరబడి తేలుతాయి, ముక్కులోని వెంట్రుకలకు చిక్కకుండా ఊపిరితిత్తి చివరి గదుల దాకా పోతాయి. లోపలికి చేరిన చెత్తను మింగి శుభ్రం చేసే కణాలు మన ఊపిరితిత్తుల్లో ఉన్నాయి. పొడవాటి పోగును అవి పూర్తిగా మింగలేవు. మింగబోయి చచ్చిపోతాయి, ఆ చోట వాపు మిగులుతుంది. ఏళ్ల తరబడి ఇదే సాగితే మెత్తగా సాగాల్సిన ఊపిరితిత్తి మచ్చలు కట్టి బిగుసుకుపోతుంది. దాన్ని ఆస్బెస్టోసిస్ అంటారు. అదే పోగులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, స్వరపేటిక, అండాశయ క్యాన్సర్లకు, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్‌కు కూడా కారణం. ఈ చివరిది చాలా అరుదైన జబ్బు. వచ్చిందంటే మాత్రం వెనక ఎక్కడో ఆస్బెస్టాస్ ఉందేమోనని డాక్టర్లు మొదట వెతుకుతారు. పోగు లోపలికి వెళ్లిన 20 నుంచి 50 ఏళ్ల తర్వాత ఇది బయటపడుతుంది.

ఈ సంగతి నిన్న మొన్న తేలింది కాదు. 1924లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో ఆస్బెస్టాస్ నూలు వడికే మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా 33 ఏళ్లకే చనిపోయింది. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టర్ కుక్ ఆ వివరాలను వైద్య పత్రికలో ప్రచురించాడు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వ అధికారులు మెరీవెదర్, ప్రైస్ ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీల కార్మికులను పరీక్షించి నివేదిక ఇచ్చారు, మరుసటి ఏడాదే దుమ్మును అదుపు చేసే నిబంధనలు వచ్చాయి. అప్పటికి ఇది ఫ్యాక్టరీ గోడల మధ్య జబ్బే అనుకున్నారు. 1960లో దక్షిణాఫ్రికా డాక్టర్ వాగ్నర్ బృందం నీలి రకం ఆస్బెస్టాస్ గనుల ప్రాంతం నుంచి 33 మీసోథీలియోమా కేసులను బయటపెట్టింది. ఆ రోగుల్లో చాలామంది గనిలో దిగినవాళ్లు కాదు, ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లు. 1965లో లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ 76 మంది రోగుల జీవిత చరిత్రలు విచారిస్తే, అందులో 9 మంది ఎన్నడూ ఆస్బెస్టాస్ పని చెయ్యలేదు. వాళ్ల ఇంట్లో మనిషి చేశాడు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, భర్త పని బట్టలు దులిపి ఉతికినవాళ్లు. మరికొందరు ఫ్యాక్టరీకి అరమైలు లోపల కాపురమున్నవాళ్లు. 2005లో జపాన్‌లోని అమగసాకిలో ఒక పాత పైపుల ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న ఇళ్లవాళ్లకు ఇదే జబ్బు రావడం బయటపడి దేశమంతా కదిలింది. నీలి ఆస్బెస్టాస్‌తో అక్కడ పైపులు చేయడం ఆగి అప్పటికి ముప్పై ఏళ్లు. సాక్ష్యం పెరిగేకొద్దీ బాధితుల వలయం మిల్లు నుంచి ఇంటికి, ఇంటి నుంచి వీధికి విస్తరించింది. దుమ్ముకు ఉద్యోగి ఎవరు, ఇల్లాలు ఎవరు అనే తేడా తెలియదు.

ఇక్కడ తెలుగు పాఠకుడు అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు. మా తాత కట్టిన రేకుల ఇంట్లో మూడు తరాలు బతికాం, మాకెవరికీ ఏమీ కాలేదే? ఈ ప్రశ్నలో సగం నిజముంది, దాన్ని ఒప్పుకోవాలి. రేకు బరువులో ఆస్బెస్టాస్ సుమారు పదో వంతే ఉంటుంది, మిగతాది ఎక్కువగా సిమెంటు, బూడిద. ఆ పోగులు సిమెంటులో బిగిసి ఉన్నంతవరకు గాలిలోకి రావు. పగలని, పెచ్చులూడని రేకు కింద పడుకున్నంత మాత్రాన జబ్బు వస్తుందని ఎవరైనా చెబితే అది బెదిరింపు. ఈ బెదిరింపుకు లొంగి, ఒక ఆదివారం నలుగురు కూలీలను పిలిచి సుత్తెలతో కప్పు పగలగొట్టించే కుటుంబం ముప్పై ఏళ్లలో పీల్చని దుమ్మును ఒక్క పూటలో పీల్చవచ్చు. మిగతా సగంలోనే పొరపాటు ఉంది. మూడు తరాల్లో ఎవరికీ ఏమీ కాలేదని తెలియాలంటే ఎవరు ఏ జబ్బుతో పోయారో, దానికి కారణమేమిటో సరిగ్గా తెలిసి ఉండాలి. ఆయాసంతో పోయిన పెద్దాయన ఆయాసానికి ఏ పేరు పెట్టారో ఎవరికి గుర్తుంది? పైగా రేకు కూడా ముసలిదవుతుంది. ఎండకు, వానకు, పొగలోని ఆమ్లానికి పైపొర సిమెంటు అరిగి పోగులు తేలుతాయి. ముప్పై ఏళ్ల కిందట ఆ రేకుకు ఉన్న భద్రత ఈనాడు దానికి ఉండదు.

కాబట్టి మన దృష్టి కప్పు మీద కాదు, కప్పును కదిలించే క్షణాల మీద ఉండాలి. ఇంట్లో ఆ క్షణాలు మనం అనుకున్న దానికంటే ఎక్కువ. కొత్తగా పైపు దించడానికి, పొగగొట్టం పెట్టడానికి రేకుకు బెజ్జం వేసేటప్పుడు దుమ్ము లేస్తుంది. వానాకాలం ముందు పాచి పోగొట్టాలని ఇనుప బ్రష్షుతో రుద్దేటప్పుడు లేస్తుంది. కోతుల గుంపు దూకి పగలగొట్టిన ముక్కలను చీపురుతో ఊడ్చేటప్పుడు లేస్తుంది (పల్లెల్లో రేకుల ప్రధాన శత్రువు కోతే అని చెబితే పరిశోధకులు నవ్వుతారేమో గానీ ఊళ్లో ఎవరూ నవ్వరు). కోస్తాలో తుపాను తర్వాత వీధి నిండా పడి ఉండే ముక్కలను పిల్లలు తొక్కుతారు, ట్రాక్టర్లు నలుపుతాయి. విరిగిన ముక్కలను మనం పారేసే జాతి కూడా కాదు. స్నానాల గదికి తడికగా, కోళ్లగూడుకు మూతగా, బురదగుంతలో పరుపుగా వాడతాం. బండ్లు తొక్కి తొక్కి పొడి చేసే ఆ గుంత ముక్కే అన్నిటికంటే చెడ్డది. పనిచోట ఈ క్షణాలు రోజూ వస్తాయి. పాత కోళ్లఫారం షెడ్డు విప్పే కూలీకి, గిడ్డంగి రేకులు బేరమాడి కొనే పాత సామాన్ల వ్యాపారికి, బాయిలరుకు చుట్టిన పాత తాడు ఊడదీసే ఫిట్టరుకు, ఓడలు విరగ్గొట్టే యార్డులో పనిచేసే వలస కార్మికుడికి అది దినచర్య. ఫ్రాన్స్ 2005 చివర్లో తన పాత విమానవాహక నౌక క్లెమెన్సోను విరగ్గొట్టడానికి గుజరాత్ తీరంలోని అలంగ్‌కు పంపి, అందులోని ఆస్బెస్టాస్ మీద గొడవ రేగడంతో 2006లో దారి మధ్యలోంచి వెనక్కి పిలిపించుకుంది. మెకానిక్కుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇప్పుడు ఆస్బెస్టాస్ లేని బ్రేకు లైనింగులు చాలా వచ్చినా, పాత బండిలో, చవక సరుకులో ఏముందో చూసి చెప్పలేం. బ్రేకు డ్రమ్ము విప్పి కంప్రెసరు గాలి కొట్టడమంటే ఆ పొడినంతా షెడ్డు నిండా చల్లడమే. తడిగుడ్డతో తుడిచినా డ్రమ్ము అంతే శుభ్రమవుతుంది.

మునిసిపాలిటీ నీళ్ల పైపుల గురించి కూడా చాలామందికి బెంగ. మన పట్టణాల్లో పాత ఏసీ పైపులంటే ఆస్బెస్టాస్ సిమెంటు పైపులే. నీళ్లతో కడుపులోకి వెళ్లే పోగుల వల్ల హాని జరుగుతుందనడానికి నిలకడైన ఆధారం దొరకలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అక్కడ ప్రమాదం నీళ్లు తాగేవాళ్లకంటే, లీకు పడినప్పుడు గోతిలో దిగి పైపును పొడిగా కోసే మనిషికి ఎక్కువ.

రెండో అభ్యంతరం పరిశ్రమ నుంచి వస్తుంది. రేకుల్లో వాడేది తెల్ల ఆస్బెస్టాస్, అంటే క్రైసోటైల్. అది నీలి రకమంత ప్రమాదకరం కాదు, నియంత్రణతో వాడితే చాలు అంటారు. మీసోథీలియోమా విషయంలో నీలి, గోధుమ రకాలు ఎక్కువ ప్రమాదకరమన్నది నిజమే. కానీ ఎక్కువ విషం పక్కన పెట్టి చూపిస్తే తక్కువ విషం ఔషధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తెల్లదానితో సహా అన్ని రకాలనూ మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలోనే చేర్చింది. ఇంతకంటే తక్కువైతే భయం లేదు అనే గీత ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. నియంత్రణ అనే మాటనూ లెక్కగట్టి చూడండి. అమెరికాలో పనిచోట అనుమతించే హద్దు మిల్లీలీటరు గాలికి 0.1 పోగు. వినడానికి సున్నాలా ఉంటుంది. ఒళ్లు వంచి పనిచేసే మనిషి ఎనిమిది గంటల్లో సుమారు 10 ఘనపు మీటర్ల గాలి, అంటే కోటి మిల్లీలీటర్లు, పీలుస్తాడు. హద్దు దాటకుండానే రోజుకు 10 లక్షల పోగులు లోపలికి వెళతాయి. యూరప్ 2023లో ఈ హద్దును పదో వంతుకు, 0.01కి తగ్గించింది. ఆ హద్దులు కూడా కొలిచే పరికరాలు, తనిఖీలు ఉన్న ఫ్యాక్టరీకే పనికొస్తాయి. రేకు ఫ్యాక్టరీ గేటు దాటి ఊళ్లోకి వచ్చాక, మేస్త్రీ గ్రైండరు పక్కన నిలబడి పోగులు లెక్కపెట్టే ఇన్‌స్పెక్టరు ఎవరు? నియంత్రిత వాడకం అనే వాదన కూలిపోయేది అక్కడే.

దేశాల ప్రవర్తనలోనూ ఒక పాఠం ఉంది. అరవైకి పైగా దేశాలు ఆస్బెస్టాస్‌ను నిషేధించాయి. కెనడా తన ఇళ్లలో వాడకం దాదాపు మానేశాక కూడా ఏళ్ల తరబడి మనలాంటి దేశాలకు అమ్మింది. 2011లో గనులు ఆగాయి, 2018లో నిషేధం వచ్చింది, ఆస్బెస్టాస్ అనే పేరే ఉన్న క్యూబెక్ పట్టణం 2020లో పేరు మార్చుకుంది. కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల ఒకప్పుడు మేలురకం తెల్ల ఆస్బెస్టాస్ తవ్వేవారు. జార్ఖండ్ రోరో కొండల్లో 1983లో గని మూతపడింది గానీ తవ్వి పోసిన వ్యర్థం కొండవాలులో అలాగే మిగిలింది. మన ప్రభుత్వం 1986 నుంచి కొత్త గని లీజులు ఆపేసింది. అంటే తవ్వడం ప్రమాదమని ఒప్పుకున్నట్టే. అయినా ఇప్పటికీ ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా, ఏటా 3 లక్షల టన్నులకు మించి, రష్యా లాంటి దేశాల నుంచి తెచ్చుకుంటున్నది మనమే. ఇది నాకు తర్కం అనిపించదు.

అంత వాడితే మన దగ్గర రోగులేరి అన్నది మూడో అభ్యంతరం, కొంత బలమైనది కూడా. సమాధానం రెండు ముక్కల్లో ఉంది. మొదటిది, వాడకం బాగా పెరిగిన దశాబ్దాలకూ జబ్బు బయటపడే కాలానికీ మధ్య దూరం ఇంకా పూర్తి కాలేదు. రెండోది, వెతకనివి దొరకవు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం కనిపిస్తే మన దేశంలో ముందుగా తట్టేది క్షయ. డాక్టరు అలా అనుకోవడం తప్పు కాదు, క్షయ అంత ఎక్కువ మరి. కానీ నువ్వు ముప్పై ఏళ్ల కిందట ఏ పని చేశావు అని అడిగే తీరిక ఓపీ వరసలో ఎక్కడ దొరుకుతుంది? రేకులు బిగించే కూలీ పేరు ఏ ఫ్యాక్టరీ రిజిస్టరులోనూ ఉండదు. పనివల్ల ఆస్బెస్టాస్ బారినపడి ప్రపంచంలో ఏటా 2 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందరికంటే ఎక్కువ వాడే దేశం ఆ లెక్కకు బయట ఉంటుందనుకోవడం ఆశ మాత్రమే.

పేదవాడికి రేకు తప్ప గతేముంది అనే మాటను మాత్రం నేను తేలిగ్గా కొట్టెయ్యలేను. తాటాకు కప్పు నుంచి రేకుకు మారిన కుటుంబానికి అది నిప్పు భయం నుంచి, ఏటేటా కప్పు నేయించే ఖర్చు నుంచి విముక్తి. దాన్ని పీకేయమని ఉపదేశించే హక్కు ఎవరికీ లేదు. అందుకే చెయ్యాల్సింది వరసగా ఆలోచించాలి. ఉన్న రేకు బాగుంటే దాని జోలికి వెళ్లకండి. బెజ్జాలు వెయ్యొద్దు, రుద్దొద్దు, పంపుతో నీళ్లు గట్టిగా కొట్టి కడగొద్దు. పైపొర రాలుతుంటే, రుద్దకుండానే రంగు పూయించి బిగించవచ్చు. లోపల ఫ్యాను, లైటు తగిలించాలంటే ఇనుప పైపుకు బిగించండి, రేకుకు కాదు. కొత్తగా కట్టేవాళ్లకు మాత్రం దారులున్నాయి. ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు రేకులు మన దగ్గరే తయారవుతున్నాయి. ఇనుప రేకులున్నాయి, పెంకులున్నాయి. ధర కొంచెం ఎక్కువ, ఇనుప రేకు కింద వేడీ ఎక్కువే. లోపల సీలింగు వేయించుకోక తప్పదు. కానీ ఆస్బెస్టాస్ రేకు ధర చూసేటప్పుడు, రేపు దాన్ని దించి భద్రంగా పారేసే ఖర్చును కూడా కలిపి చూడాలి. ఆ రెండో బిల్లు దుకాణంలో ఎవరూ చూపించరు. కంటితో చూసి ఏ రేకులో ఆస్బెస్టాస్ ఉందో తేల్చడం కుదరదు, పరీక్షశాలలోనే తేలుతుంది. పాత బూడిదరంగు సిమెంటు రేకయితే ఉందనే అనుకుని పనిచెయ్యడం మేలు.

దించక తప్పనప్పుడు ఈ పని ఇంటివాళ్లు చేసేది కాదు, అలవాటున్న మనుషులను పెట్టుకోవాలి. అయినా పద్ధతి ఇంటివాళ్లకు తెలిసి ఉంటేనే దాన్ని పట్టుబట్టి చేయించగలరు. ముందు కప్పునంతా నీళ్లతో, కొంచెం సబ్బునీళ్లు కలిపితే ఇంకా మంచిది, మెల్లగా చల్లి తడపాలి. తడిసిన దుమ్ము ఎగరదు. రేకును పగలగొట్టకుండా బోల్టులను తెంచాలి. ఒక్కొక్క రేకునూ చేతులమీదుగా దించాలి, పైనుంచి పడెయ్యకూడదు. గ్రైండరును ఆ రోజుకు ఇంట్లోనే వదిలేయాలి. పిల్లలు, పశువులు, ఆరేసిన బట్టలు, తాగునీళ్ల బిందెలు దూరంగా ఉండాలి. ముక్కలను పొడి చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఏరి మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి, పైన ఆస్బెస్టాస్ అని రాసిపెట్టాలి. దాన్ని చెరువుగట్టునో ఖాళీ స్థలంలోనో పడేస్తే మన దుమ్మును ఇంకొకరి పిల్లలకు పంచినట్టే. ప్రమాదకర వ్యర్థాల కోసం హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ప్రత్యేక కేంద్రాలున్నాయి. ఒక్క ఇంటి రేకులను అక్కడిదాకా చేర్చడం కష్టమే, కాబట్టి మునిసిపాలిటీని, కాలుష్య నియంత్రణ మండలిని అడిగి ఏర్పాటు చేయించుకోవాలి. అడిగేవాళ్లు పెరిగితేనే ఆ ఏర్పాటు మామూలవుతుంది. మూతికి కట్టుకునే తువాలు, ఆపరేషన్ మాస్కు ఈ పోగులను ఆపవు. ముఖానికి రబ్బరు అంచుతో అతుక్కునే, పీ-100 రకం ఫిల్టరున్న మాస్కు కావాలి. గడ్డం ఉంటే అది కూడా సరిగ్గా అతుక్కోదు. పని అయ్యాక బట్టలు అక్కడే తడిపి విప్పాలి. లండన్ ఇల్లాళ్ల చరిత్ర తెలిశాక ఆ బట్టలను దులిపి ఇంట్లో వాళ్ల బట్టలతో కలిపి ఉతకడం ఎవరికీ మనసొప్పదు.

ఇప్పటికే ఏళ్ల తరబడి ఆ దుమ్ములో పనిచేసినవాళ్లు ఏం చెయ్యాలి? లోపలికి వెళ్లిన పోగులను బయటికి తీసే మందు లేదు. బెల్లం తింటే దుమ్ము కడిగేస్తుందనేది కార్ఖానాల్లో వినిపించే నమ్మకమే, వైద్యం కాదు. నిజంగా పనిచేసే ఒక పని మాత్రం ఉంది, బీడీ సిగరెట్లు మానడం. 1979లో అమెరికా ఇన్సులేషన్ కార్మికుల మీద ప్రచురించిన అధ్యయనంలో, ఆస్బెస్టాస్, పొగ రెండూ లేనివాళ్లతో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఆస్బెస్టాస్ మాత్రమే ఉన్నవాళ్లలో 5 రెట్లు, పొగ మాత్రమే ఉన్నవాళ్లలో 11 రెట్లు, రెండూ ఉన్నవాళ్లలో 53 రెట్లు. పొగతాగడమే పెద్ద శత్రువు, రేకులనెందుకంటారు అని వాదించేవాళ్లు ఈ మూడో అంకె దగ్గర ఆగాలి. ఆయాసం కొత్తగా మొదలైతే, పొడిదగ్గు తగ్గకపోతే, ఛాతీ డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: ఏ ఏళ్లలో, ఏ పని, ఎంతకాలం. మీ తండ్రి ఆ పని చేసి ఉంటే, మీరు చిన్నప్పుడు ఆ బట్టల పక్కన పెరిగి ఉంటే అదీ చెప్పండి. ఆ వివరం తెలిస్తే డాక్టరు ఎక్స్‌రేను వేరే కంటితో చూస్తారు, అవసరమైతే స్కాన్ రాస్తారు.

కాగితాలు కూడా వైద్యంలో భాగమే. పరిహారం ఇవ్వాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో ఆస్బెస్టోసిస్ ఉంది. 1995 జనవరిలో సుప్రీంకోర్టు, వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం వేసిన కేసులో, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లో, మానేసిన తర్వాత 15 ఏళ్లో, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. ఈ జబ్బు ఎంత ఆలస్యంగా వస్తుందో న్యాయస్థానం లెక్కలోకి తీసుకుంది. ఫ్యాక్టరీ ఉద్యోగులు ఆ రికార్డు కాపీ అడిగి తీసుకోవాలి, నియామక పత్రం, ఈఎస్ఐ కార్డు, పాత జీతం చీటీలు పారేయకూడదు. ఏ రిజిస్టరులోనూ లేని మేస్త్రీలు, కూలీలు, మెకానిక్కులు ఒక నోటుబుక్కులో ఏ ఏడాది ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఏ పని చేశారో రాసుకుని, అది ఎక్కడ పెట్టారో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచాలి.